కౌంటీ ఎక్కడి నుంచి వచ్చింది? గోడలు, పన్నులు, సభలు కలిసి గీసిన ఇంగ్లండ్ పటం

న్యూజెర్సీలో ఎడిసన్ ఊరు మిడిల్‌సెక్స్ కౌంటీ కిందికి వస్తుంది. బ్రిడ్జ్‌వాటర్‌లో వేంకటేశ్వరస్వామి గుడి ఉన్నది సోమర్సెట్ కౌంటీలో. కొత్తగా అక్కడికి వెళ్లిన తెలుగువాళ్లు ఇంటి కాగితాల్లో, ఓటరు ఫారాల్లో ‘కౌంటీ’ అన్న గడి కనిపిస్తే మన జిల్లాలాంటిదే అనుకుని నింపేస్తారు. తర్వాత చూస్తే కౌంటీకి కలెక్టర్ ఉండడు. షెరీఫ్ ఉంటాడు, అతన్ని జనం ఓటేసి ఎన్నుకుంటారు. అదే రాష్ట్రంలో మరికొన్ని కౌంటీల పేర్లు ఎసెక్స్, ససెక్స్. అన్నీ ఇంగ్లండ్ నుంచి వచ్చిన పేర్లే. తీరా ఇంగ్లండ్‌లో వెతికితే మిడిల్‌సెక్స్ కౌంటీ పాలన 1965లోనే రద్దయింది. క్రికెట్ చూసేవాళ్లకు ఆ పేరు ఇంకా తెలుసు, ఎందుకంటే క్లబ్ మిగిలింది.

ఈ గందరగోళానికి మూలం వెయ్యేళ్ల వెనక ఉంది.

క్లుప్తంగా

షైర్ పాత ఇంగ్లిషు మాట, కౌంటీ నార్మన్లు తెచ్చిన ఫ్రెంచి మాట. ఫ్రాన్సు ఉత్తరాన ఉండే నార్మన్లు 1066లో ఇంగ్లండ్‌ను గెలిచాక రెండూ ఒకే ప్రాంతానికి పేర్లయ్యాయి. కొన్ని షైర్లు పాత చిన్న రాజ్యాలు, కొన్ని కోటగోడల కాపలా కోసం చేసిన లెక్కలు. వాటిని నిలబెట్టింది మాత్రం సరిహద్దు గీత కన్నా ఎక్కువగా ఏడాదికి కొన్నిసార్లు జనం కూడిన సభ. పన్ను, కోర్టు, సైన్యం, ఆ తర్వాత పార్లమెంటు ఎన్నిక, అన్నీ ఆ సభ చుట్టూ పెరిగాయి.

మాటల్లోనే సగం చరిత్ర

‘షైర్’ అంటే కత్తిరించిన ముక్క అని చాలాచోట్ల రాస్తుంటారు. ఇంగ్లిషులో కత్తిరించడానికి దగ్గరి మాట ఒకటి ఉంది కాబట్టి ఆ ఊహ పుట్టింది. పాత ఇంగ్లిషులో ‘షిర్’ అంటే ఒకరికి అప్పగించిన బాధ్యత, అధికారం. బిషప్పు చూసుకునే పరిధిని కూడా అదే మాటతో పిలిచేవారు. అంటే ముందు పుట్టింది మనిషి బాధ్యత, నేల దాని వెనక వచ్చింది. ఈ తేడా గుర్తుంటే మిగతా కథ తేలిగ్గా అర్థమవుతుంది.

ఆ బాధ్యత మోసే రాజోద్యోగి పేరు ‘షిర్-గెరేఫా’. నాలుక మీద నలిగి నలిగి అదే ‘షెరీఫ్’ అయింది. హాలీవుడ్ సినిమాల్లో నక్షత్రం బిళ్ల పెట్టుకుని గుర్రం మీద తిరిగే మనిషి పదవికి పుట్టినిల్లు ఇదే. బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో బ్రిటిష్ వాళ్లు పెట్టిన షెరీఫ్ పదవికీ ఇదే.

‘కౌంటీ’ దారి వేరు. ఫ్రాన్సులో కౌంట్ అనే ప్రభువు ఏలుబడిలోని నేల కౌంటీ. నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక ఇక్కడి షైర్లకు తమకు అలవాటైన ఆ పేరు పెట్టారు. కానీ కౌంట్ అనే బిరుదు మాత్రం ఇంగ్లండ్‌లో పాతుకోలేదు. స్కాండినేవియా ప్రభావంతో వచ్చిన ‘ఎర్ల్’ అలాగే ఉండిపోయింది. ఎర్ల్ భార్యను మాత్రం ఇప్పటికీ ‘కౌంటెస్’ అంటారు. భర్తది ఒక భాష, భార్యది ఇంకో భాష.

పేరు ఒకటే అయినా వస్తువు ఒకటి కాదు. ఫ్రాన్సులో కౌంటీ చాలాచోట్ల కౌంట్ వంశానికి సొంత ఆస్తిలా మారింది. ఇంగ్లండ్‌లో అది రాజు చేతిలోనే ఉంది, షెరీఫ్ రాజు మనిషి. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. డర్హమ్‌లో బిషప్పే రాజులాంటి అధికారాలు చలాయించాడు, అవి 1836 దాకా సాగాయి.

ఒక గోడ, 2,400 మంది

షైర్లు అన్నీ ఒకేసారి, ఒకే పద్ధతిలో పుట్టలేదు. దక్షిణాన వెసెక్స్ రాజ్యంలో అవి 8వ శతాబ్దానికే కనిపిస్తాయి. హామ్‌టన్ ఊరి చుట్టుపక్కల నేల హాంప్‌షైర్ అయింది (ఆ ఊరే ఇప్పటి సౌతాంప్టన్), విల్టన్ చుట్టూ ఉన్నది విల్ట్‌షైర్. కెంట్, ఎసెక్స్, ససెక్స్ అంతకుముందు స్వతంత్ర రాజ్యాలు. ఎసెక్స్ అంటే తూర్పు సాక్సన్లు, ససెక్స్ దక్షిణ సాక్సన్లు, మిడిల్‌సెక్స్ నడిమి సాక్సన్లు. నార్ఫోక్ అంటే ఉత్తరపు జనం, సఫోక్ అంటే దక్షిణపు జనం. జనం పేరే నేల పేరు కాబట్టి వీటి చివర ‘షైర్’ అతకలేదు. పేరు చివర ‘షైర్’ ఉందంటే, ఆ ముందున్నది చాలాసార్లు ఒక కోట ఊరి పేరై ఉంటుంది.

ఆ కోట ఊళ్ల కథ స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చి పడ్డ వైకింగుల దాడులతో ముడిపడింది. 865లో పెద్ద వైకింగు సైన్యం ఇంగ్లండ్‌లో దిగి, ఒక్కో రాజ్యాన్ని పడగొట్టుకుంటూ పోయింది. నిలబడ్డది వెసెక్స్ ఒక్కటే. దాని రాజు ఆల్ఫ్రెడ్, ఆయన తర్వాత కొడుకు ఎడ్వర్డ్, వరసగా బురుజు ఊళ్లు కట్టించారు. వాటిని ‘బర్’ అనేవారు. కట్టడంతో పని అయిపోదు, గోడ మీద నిలబడడానికి మనుషులు కావాలి. ఎవరు ఎంతమందిని పంపాలి?

దానికి జవాబు 10వ శతాబ్దం మొదట్లో తయారైన ఒక జాబితాలో ఉంది. ఒక కుటుంబం బతకడానికి సరిపోయే నేలను ‘హైడ్’ అన్నారు. ఒక్కో హైడ్ ఒక్కో మనిషిని పంపాలి. గోడలో ఒక్కో పోల్ పొడవుకు, అంటే పదహారున్నర అడుగులకు, నలుగురు నిలబడాలి. వెసెక్స్ ముఖ్యపట్టణం వించెస్టర్‌కు కేటాయించిన నేల 2,400 హైడ్‌లు. అంటే 2,400 మంది. నలుగురికి ఒక పోల్ చొప్పున 600 పోల్‌లు, మొత్తం 9,900 అడుగులు. వించెస్టర్ పాత గోడ కొలిస్తే 9,954 అడుగులు. 3 కిలోమీటర్ల గోడ మీద తేడా 54 అడుగులు. వెయ్యేళ్ల కిందట ఎవరో కూర్చుని చేసిన ఈ లెక్క ఇంత కచ్చితంగా కుదరడం నిజంగా ఆశ్చర్యపరుస్తుంది. ఒక రాజ్యానికి తన నేల మీద, జనం మీద ఎంత పట్టు ఉంటే ఈ లెక్క సాధ్యమవుతుందో ఆలోచించాలి.

ఎడ్వర్డ్, ఆయన అక్క ఏథెల్‌ఫ్లెడ్ కలిసి మధ్య ఇంగ్లండ్‌ను వైకింగుల నుంచి తిరిగి గెలుచుకున్నారు. మెర్సియా ప్రాంతాన్ని ఆమె స్వయంగా ఏలింది, 918లో చనిపోయేదాకా కోటలు కట్టిస్తూనే ఉంది. ఆ తర్వాత తరాల్లో, 11వ శతాబ్దం మొదటికల్లా, ఆ కోట ఊళ్ల చుట్టూ ఒకే అచ్చులో షైర్లు ఏర్పడ్డాయి. బెడ్‌ఫర్డ్‌కు బెడ్‌ఫర్డ్‌షైర్, వార్విక్‌కు వార్విక్‌షైర్, లెస్టర్‌కు లెస్టర్‌షైర్. దక్షిణాన పాత జనం, పాత రాజ్యాలే షైర్లయితే, ఇక్కడ పై నుంచి గీత గీశారు. ఆ గీత పాత హద్దుల్ని పట్టించుకోలేదు. మెర్సియా రాజుల పాత నివాసం టామ్‌వర్త్. కొత్త హద్దు ఆ ఊరి మధ్యలోంచే పోయింది. సగం స్టాఫర్డ్‌షైర్, సగం వార్విక్‌షైర్. ఒకప్పటి రాజధానిని రెండు ముక్కలు చేసిన గీత పొరపాటున పడి ఉండదు. పాత రాజ్యపు జ్ఞాపకాన్ని పక్కకు నెట్టి, వెసెక్స్ రాజుల కొత్త పాలనను దించడం ఇందులో కనిపిస్తుంది.

అచ్చు కుదరని చోట్లూ ఉన్నాయి. వైకింగుల ఐదు పట్టణాల్లో డర్బీ, లెస్టర్, లింకన్, నాటింగ్‌హామ్ నాలుగింటికీ షైర్లు దక్కాయి, స్టామ్‌ఫర్డ్‌కు దక్కలేదు. వించ్‌కూమ్ ఊరికి ఒక షైర్ ఉండేది, 11వ శతాబ్దం మొదట్లో దాన్ని గ్లాస్టర్‌షైర్‌లో కలిపేశారు.

షైర్‌కు లోపల ‘హండ్రెడ్’ అనే చిన్న విభాగాలు ఉండేవి. లెక్క ప్రకారం వంద హైడ్‌లకు ఒకటి. వైకింగులు స్థిరపడిన ప్రాంతాల్లో దాన్నే ‘వేపన్‌టేక్’ అన్నారు, సభలో ఆయుధం ఎత్తి సమ్మతి తెలిపే ఆచారం నుంచి వచ్చిన మాట. యార్క్‌షైర్ పెద్దది కాబట్టి దాన్ని మూడు భాగాలు చేసి ‘రైడింగ్’లు అన్నారు. ఆ మాటకు అర్థమే మూడో వంతు. అందుకే ఉత్తర, తూర్పు, పడమర రైడింగులు ఉన్నాయి, దక్షిణ రైడింగ్ ఎన్నడూ లేదు.

షైర్ మాట్లాడేది

10వ శతాబ్దంలో ఎడ్గర్ రాజు చట్టం ప్రకారం షైర్ సభ ఏడాదికి రెండుసార్లు జరగాలి. బిషప్పు, రాజప్రతినిధి ఇద్దరూ అందులో కూర్చోవాలి. ఒకరు దేవుడి చట్టం, ఇంకొకరు లోకపు చట్టం చెప్పాలి. హండ్రెడ్ సభ నాలుగు వారాలకోసారి. ఇంతవరకు చట్టం. ఆ సభ నిజంగా ఎలా నడిచిందో చూపించే ఒక కాగితం హియర్‌ఫర్డ్‌లో మిగిలింది.

కనూట్ రాజు కాలం, అంటే 1016కూ 1035కూ మధ్య. హియర్‌ఫర్డ్‌షైర్ సభ కూడింది. బిషప్పు, షెరీఫ్, ఇతర పెద్దలు ఉన్నారు. ఎడ్విన్ అనే అతను లేచి కన్నతల్లి మీదే భూమి దావా వేశాడు. తల్లి సభకు రాలేదు. ఆమె తరఫున ఎవరు మాట్లాడతారని బిషప్పు అడిగాడు. థర్కిల్ అనే పెద్దమనిషి, విషయం తెలిస్తే నేనే మాట్లాడేవాణ్ని అన్నాడు. తెలియదు కాబట్టి సభ ముగ్గుర్ని ఎంచి ఆమె ఉన్న ఊరికి పంపింది. వాళ్లు గుర్రాల మీద వెళ్లి అడిగారు. కొడుక్కి చెందాల్సిన భూమి తన దగ్గర ఏదీ లేదని ఆమె చెప్పింది. కొడుకు మీద మండిపడింది. పక్కనే కూర్చున్న తన బంధువు లియోఫ్లెడ్‌ను చూపించి, నా తర్వాత నా భూమి, బంగారం, బట్టలు, ఉన్నదంతా ఈమెకే అంది. ఈ మాట సభలో అందరి ముందూ చెప్పండి అని వచ్చినవాళ్లను కోరింది. వాళ్లు తిరిగి వెళ్లి చెప్పారు. ఆ లియోఫ్లెడ్ థర్కిల్ భార్యే. థర్కిల్ సభ అనుమతి తీసుకుని నేరుగా హియర్‌ఫర్డ్ చర్చికి వెళ్లి, ఈ తీర్పును ఒక సువార్త గ్రంథంలో రాయించాడు. ఆ గ్రంథం ఇప్పటికీ హియర్‌ఫర్డ్ కెథెడ్రల్‌లో ఉంది. కొడుకు పేరు రాశారు, బంధువు పేరు రాశారు. ఆస్తి ఎవరికో తేల్చిన తల్లి పేరు మాత్రం అందులో లేదు.

మన పల్లెల్లో రచ్చబండ పంచాయితీలు తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఒక ముఖ్యమైన తేడా ఉంది. ఈ సభ ఒక ఊరిది కాదు, మొత్తం షైర్‌ది. రాజు మనుషుల ముందు నడిచింది. ఆ సాక్ష్యానికే విలువ.

1086లో, ఇంగ్లండ్‌ను గెలిచిన నార్మన్ రాజు విలియం దేశం మొత్తం ఆస్తుల లెక్క తీయించాడు. ఆ లెక్కల పుస్తకమే డూమ్స్‌డే బుక్. దాన్ని షైర్‌లవారీగా కూర్చారు. అందులో పదేపదే ‘షైర్ చెబుతోంది’, ‘షైర్ సాక్ష్యమిస్తోంది’ అని ఉంటుంది. నేల మాట్లాడదు కదా, మాట్లాడింది సభ. వుస్టర్‌షైర్‌లో పన్నెండు హండ్రెడ్లు ఉంటే వాటిలో ఏడింటిలో షెరీఫ్‌కు ఏమీ రాదని, దానివల్ల తనకు చాలా నష్టమని షెరీఫ్ అంటున్నాడని కూడా అందులో రాసుంది. ఆ ఏడు చర్చి అధీనంలో ఉన్నవి. ఈ చిన్న ఫిర్యాదులో అసలు యంత్రాంగం బయటపడుతుంది.

షెరీఫ్ గుత్త

షెరీఫ్ రాజుకు ఏటా ఒక స్థిరమైన మొత్తం కట్టాలి. దాన్ని ‘ఫార్మ్’ అనేవారు. తెలుగులో చెప్పాలంటే గుత్త, ఇజారా. అంతకు మించి వసూలైతే షెరీఫ్‌ది, తగ్గితే చేతి నుంచి పెట్టుకోవాలి. వుస్టర్ షెరీఫ్ గోల అందుకే. ఏడు హండ్రెడ్లు చేజారినా గుత్త తగ్గలేదు.

ఈ పద్ధతిలో జనం మీద ఒత్తిడి ఎలా పడుతుందో ఊహించవచ్చు. గుత్త పెరిగితే షెరీఫ్ మరింత పిండుతాడు. హెన్రీ 2వ రాజు 1170లో షెరీఫ్‌ల మీద దేశవ్యాప్త విచారణ జరిపించి, ఎక్కువమందిని పదవి నుంచి తీసేశాడు. 1215 మాగ్నా కార్టాలో కౌంటీలు, హండ్రెడ్లు, వేపన్‌టేక్‌ల గుత్త పాత మొత్తంలోనే ఉండాలి, పెంచకూడదు అన్న షరతు ఉంది. స్వేచ్ఛకు పునాదిగా గౌరవించే ఆ పత్రంలో ఇలాంటి పన్ను వివాదాలు ఎన్నో ఉన్నాయి. అప్పటి జనానికి అధికారం అంటే ముందుగా కనిపించేది షెరీఫే కాబట్టి అది సహజం.

గుత్త లెక్క చూసే రాజు ఖజానాలో గళ్ల గుడ్డ పరిచిన బల్ల ఉండేది. బిళ్లలు జరుపుతూ ఒక్కో కౌంటీ బాకీ తేల్చేవారు. ఆ గళ్ల బల్ల పేరు మీదే బ్రిటన్ ఆర్థిక శాఖ పాత పేరు ‘ఎక్స్‌చెకర్’ వచ్చింది. చేతికందిన మొదటి వార్షిక లెక్కల చుట్ట 1130 నాటిది, అదీ కౌంటీలవారీగానే ఉంది.

ఉత్తరాన కౌంటీలు ఆలస్యంగా కుదురుకున్నాయి. కార్లైల్ 1092 దాకా ఇంగ్లండ్ రాజు చేతికే రాలేదు. డూమ్స్‌డే బుక్‌లో లాంకషైర్ అన్నదే లేదు, అది 12వ శతాబ్దంలో రూపుదిద్దుకుంది. వేల్స్‌లో 1284 శాసనంతో కొన్ని, 1536 తర్వాత మిగతావి. ఐర్లండ్‌లో చివరిది విక్లో, 1606లో. అక్కడ కౌంటీ అంటే గెలిచినవాడు మోపిన చట్టం. ఇంగ్లండ్‌లో లోపలి నుంచి పెరిగినదానికీ దీనికీ పేరు తప్ప పోలిక తక్కువ.

సభ నుంచి పార్లమెంటుకు

1254లో రాజుకు డబ్బు అవసరమైంది. పన్నుకు ఒప్పుకునేందుకు ఒక్కో కౌంటీ నుంచి ఇద్దరు నైట్‌లను (యోధుల హోదా ఉన్న భూస్వాములను) కౌంటీ సభలో ఎంచి పంపమన్నారు. 1265లో రాజు మీద తిరగబడ్డ ప్రభువు సైమన్ డి మాంట్‌ఫర్ట్ పిలిచిన పార్లమెంటుకూ కౌంటీకి ఇద్దరు చొప్పున వచ్చారు, పట్టణాల నుంచి మరికొందరు. ఇవాళ మనం చూసే నియోజకవర్గం అన్న ఆలోచన మొలకెత్తిన చోట్లలో ఇదొకటి. అప్పటికే వందల ఏళ్లుగా ఒకచోట కూడి తీర్పులు చెప్పుకున్న సభ ఉంది కాబట్టే, ‘మీలో ఇద్దర్ని పంపండి’ అంటే పంపగలిగారు. 1430లో ఒక షరతు పెట్టారు. ఏడాదికి 40 షిల్లింగుల ఆదాయమిచ్చే సొంత భూమి ఉన్నవాడికే కౌంటీలో ఓటు. 1832 ఎన్నికల సంస్కరణ దాకా అదే నడిచింది.

ఈలోగా షెరీఫ్ బలం తగ్గింది. 1361 నుంచి జస్టిస్ ఆఫ్ ది పీస్ అనే స్థానిక భూస్వాములు, జీతం లేకుండా, చిన్న నేరాల విచారణ మొదలుకొని క్రమంగా రోడ్లు, వంతెనల దాకా కౌంటీ పనులన్నీ చూశారు. ఎన్నికైన కౌంటీ కౌన్సిళ్లు 1888 చట్టంతో వచ్చాయి.

అమెరికాకు, మన జిల్లాకు

వర్జీనియా వలసను 1634లో ఎనిమిది షైర్లుగా విడదీశారు. తర్వాత కౌంటీ అన్న పేరే స్థిరపడింది. న్యూజెర్సీలో మిడిల్‌సెక్స్, ఎసెక్స్ 1683లో ఏర్పడ్డాయి. అమెరికాలో ఒక్కో రాష్ట్రం ఒక్కో దారి పట్టింది. టెక్సస్‌లో 254 కౌంటీలు ఉంటే డెలవేర్‌లో మూడే. కనెటికట్ 1960లో కౌంటీ ప్రభుత్వాలనే ఎత్తేసింది. న్యూజెర్సీలో కౌంటీ పాలకవర్గం సభ్యులను 2020 చివరి దాకా ‘ఫ్రీహోల్డర్లు’ అనేవారు, అంటే సొంత భూమి ఉన్నవాళ్లు. భూమి ఉన్నవాడికే మాట ఉన్న ఆ పాత కాలపు పేరును 2021 జనవరి 1 నుంచి ‘కమిషనర్లు’గా మార్చారు.

మన జిల్లాను కౌంటీకి నకలు అనడం సరికాదు. కోస్తాలో ఈస్టిండియా కంపెనీకి దొరికినవి చికాకోలు, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు సర్కార్లు. అవి అంతకుముందు పాలన నుంచి వచ్చిన విభాగాలు. ‘జిల్లా’ అన్నది అరబ్బీ మాట, పక్క, పార్శ్వం అని అర్థం. కలెక్టర్ పదవి పేరులోనే శిస్తు వసూలు ఉంది. మొదటి షెరీఫ్‌తో అతనికి పోలిక ఉంది, ఇద్దరూ పై నుంచి నియమించిన పన్ను మనుషులే. 1802లో జమీందార్లతో చేసుకున్న శాశ్వత పేష్కష్ (ఏటా కట్టాల్సిన స్థిరమైన శిస్తు) ఒప్పందం కూడా షెరీఫ్ గుత్త లాంటిదే. తేడా అల్లా షెరీఫ్ ఎదురుగా ఒక సభ కూర్చుని ఉండేది, కలెక్టర్ ఎదురుగా అలాంటిది లేదు. జిల్లా బోర్డులు, జిల్లా పరిషత్తులు చాలా తర్వాత వచ్చాయి. తెలంగాణలో 2016లో పది జిల్లాలు 31 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. రెండు చోట్లా ప్రధానంగా చెప్పింది ఒకటే, ప్రజలకు కార్యాలయం దగ్గరవ్వాలని.

గీత మార్చినా పోనివి

పాలన సౌకర్యం కోసం గీతలు తిరిగి గీయడం ఇంగ్లండ్ కూడా చేసింది. 1974 ఏప్రిల్ 1న ఏవన్, హంబర్‌సైడ్, క్లీవ్‌లాండ్ అనే కొత్త కౌంటీలు పుట్టాయి. యార్క్‌షైర్ రైడింగులు పోయాయి. రట్లండ్ అనే బుల్లి కౌంటీని, 400 చదరపు కిలోమీటర్లు కూడా లేనిదాన్ని, లెస్టర్‌షైర్‌లో కలిపారు.

కాగితం మీద లెక్క బాగానే ఉంది. రట్లండ్ అంత చిన్న కౌంటీకి సొంత పాలన నడపడం ఖర్చు ఎక్కువ అన్న వాదనలో నిజం ఉంది. అక్కడివాళ్లు మాత్రం ఒప్పుకోలేదు, ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. 1996లో ఏవన్, హంబర్‌సైడ్, క్లీవ్‌లాండ్ కౌంటీలు రద్దయ్యాయి, 22 ఏళ్లకే. మరుసటి ఏడాది ఏప్రిల్ 1న రట్లండ్ తన కౌన్సిల్‌తో తిరిగొచ్చింది.

ఫలితంగా ఇప్పుడు ఇంగ్లండ్‌లో మూడు రకాల కౌంటీలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. జనం నోట్లో ఉండే 39 చారిత్రక కౌంటీలు, రాజప్రతినిధిగా లార్డ్ లెఫ్టినెంట్ ఉండే లాంఛన కౌంటీలు, కౌన్సిల్ నడిచే పాలన కౌంటీలు. ఒకే ఊరు మూడు లెక్కల్లో మూడు చోట్ల పడవచ్చు. రద్దయిన ఏవన్ కూడా పూర్తిగా పోలేదు. బ్రిస్టల్‌లో ఎవరైనా పోలీసులకు ఫోన్ చేస్తే ఇవాళ్టికీ వచ్చేది ఏవన్ అండ్ సోమర్సెట్ పోలీసులే.